బొమ్మ జరిగిన రూపాయి
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "పావుగంట మాట్లాడాలి, రాజకీయాలు వద్దు, ఆత్మకథ వద్దు" అన్నారు. రాజకీయాలు నాకు రావు. ఆత్మకథ మాత్రం కొంచెం తప్పదు. ఎందుకంటే నేను చెప్పబోయే సంగతి నాకు తగులుకున్నది ఈ బడిలోనే. ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకు క్యాష్ కౌంటర్లో కూర్చున్నవాణ్ని. నాకు తెలిసింది చిల్లర. అందులోనూ ఈరోజు ఒక్క ముచ్చటే చెబుతాను. టంకశాలలో అచ్చు పక్కకు జరిగితే నాణెం మీద బొమ్మ ఓ వైపుకు పోతుంది. అలాంటిదాన్ని ఎలా గుర్తుపట్టాలి, దాన్ని చూసి ఏమనుకోకూడదు అన్నదే ఆ ముచ్చట.

ఒక స్టీలు పళ్లెంలో 11 నాణేలు పెట్టి వెనక వరుస నుంచి పంపిస్తున్నాను. చూసి పక్కవాళ్లకు ఇవ్వండి. లెక్కపెట్టే పంపాను, ఉద్యోగపు అలవాటు.

1982లో నేను తొమ్మిదో తరగతి. మా నాన్నకు బస్టాండు పక్కన టీ బడ్డీ ఉండేది, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆటల ఫీజు కట్టమంటే పొద్దున్నే గల్లా డబ్బాలోంచి ఒక రూపాయి తీసి నా చేతిలో పెట్టాడు. ఇప్పటి రూపాయి కాదు, అప్పటి పెద్ద రూపాయి. 28 మిల్లీమీటర్ల వెడల్పు, 8 గ్రాముల బరువు. ఒక వైపు మూడు సింహాలు, రెండో వైపు కంకుల మధ్య ఒకటి అంకె. 1975 నుంచి 1982 దాకా ఆ సైజులోనే కొట్టారు.

ఫీజు వసూలు చేస్తున్నాయన దాన్ని తీసుకుని అటూ ఇటూ చూసి బల్ల మీద పడేశాడు. సింహాలు నడిమధ్యలో లేవు, ఎడమకు జరిగి ఉన్నాయి. కుడివైపు అంచు గట్టు నెలవంకలా మందంగా ఉంది. ఎడమవైపు గట్టు ఉందో లేదో అన్నట్టుంది, అక్కడి హిందీ అక్షరాలు అంచుకు ఆనుకుంటున్నాయి. "దొంగ రూపాయి. బడ్డీలో ఇలాంటివే చెలామణి చేస్తున్నారా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ మధ్యాహ్నం నుంచి నా పేరు 'దొంగ రూపాయి'. అలా పిలిచినవాళ్లలో నలుగురైదుగురు ఈ హాల్లో ఉన్నారు. పేర్లు చెప్పను, సాయంత్రం టీ డబ్బులు వాళ్లు ఇస్తే చాలు.

ఇంట్లో చెప్పకూడదనుకున్నాను. కానీ ఊళ్లో మాట ఆగుతుందా? మర్నాటికి బడ్డీ దగ్గర ఇద్దరు ముగ్గురు మా నాన్న తిరిగిచ్చిన చిల్లరను తిప్పి తిప్పి చూసుకున్నారు. ఆయన ఏమీ అనలేదు. టీ వడపోస్తూ తల దించుకుని ఉండిపోయాడు. ఆ దించుకున్న తల నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

మా లెక్కల మాస్టారు ఈ సంగతి విన్నారు. "ఏదిరా, ఆ రూపాయి ఇటు తే" అన్నారు. ఆయన మొట్టమొదట చేసిన పని, దాన్ని తిరగేయడం. అంతకుముందు రోజు అందరూ సింహాల వైపే చూశారు తప్ప రెండో వైపును ఎవరూ సరిగ్గా చూడలేదు. ఒకటి అంకె నిక్కచ్చిగా మధ్యలో ఉంది. చుట్టూ గట్టు ఒకే మందాన ఉంది. "బొమ్మే జరిగింది, బొరుసు జరగలేదు. బిళ్ళ సరిగ్గానే కూర్చుంది, అచ్చు ఒకటి పక్కకు పోయింది" అన్నారు.

తర్వాత సైన్సు గదిలోంచి త్రాసు తెప్పించారు. ఒక పళ్ళెంలో నా రూపాయి, రెండో దాంట్లో తన జేబులోని రూపాయి. ముల్లు మధ్యలో నిలబడింది. ఆ తర్వాత చేసిందే నాకు జీవితాంతం పనికొచ్చింది. తెల్ల కాగితం మీద నాణెం పెట్టి, పెన్సిల్ బాగా చెక్కి, చుట్టూ గీత గీశారు. నాణేన్ని అక్కడే కాగితం కిందికి చేర్చి, గీసిన గీతకు సరిగ్గా కుదిర్చి, పైన పెన్సిల్‌తో అలికారు. చిన్నప్పుడు అందరం చేసిన పనే. కాగితం మీద రెండు వృత్తాలు వచ్చాయి. బయటిది నాణెం అంచు. లోపలిది గట్టు ముగిసే చోటు. బయటి వృత్తం నాణేనిది, లోపలి వృత్తం అచ్చుది.

"వృత్తానికి కేంద్రం ఎలా కనుక్కుంటావురా?" అని నన్నే అడిగారు. రెండు జ్యాలు గీసి, వాటి లంబ సమద్విఖండన రేఖలు ఎక్కడ కలుస్తాయో చూడాలి. ఆ సిద్ధాంతం అప్పటికి చదివాను కానీ అది దేనికి పనికొస్తుందో తెలియదు. బోర్డు దగ్గర వణికే చేయి ఆరోజు వణకలేదు. రెండు వృత్తాలకూ కేంద్రాలు కనుక్కున్నాను. రెండింటికీ మధ్య ఒక మిల్లీమీటరు. సరిచూసుకోవడానికి ఇంకో దారి చెప్పారు. మందంగా ఉన్న చోట గట్టు రెండున్నర మిల్లీమీటర్లు, దానికి సూటిగా ఎదురుగా అర మిల్లీమీటరు. తేడా రెండు, అందులో సగం ఒకటి. రెండు లెక్కలూ కలిశాయి. 28లో ఒకటి అంటే దాదాపు మూడున్నర శాతం జరుగుడు.

మాస్టారు సాయంత్రం బడి అయ్యాక ఆ కాగితంతోనే బడ్డీ దగ్గరికి వచ్చారు. టీ తాగుతున్నవాళ్లందరి ముందూ నాన్నకు చూపించి, "ఇది ప్రభుత్వం కొట్టిన రూపాయే. తప్పు మిషనుది, మీది కాదు" అన్నారు. నాన్న, "చెల్లుతుందా మాస్టారూ?" అని ఒక్క మాటే అడిగాడు. చెల్లుతుందన్నారు. నాన్న దాన్ని గల్లాలో వేయలేదు, దేవుడి పటం వెనక పెట్టాడు. నా ఆటల ఫీజు మాస్టారే కట్టేశారని మర్నాడు తెలిసింది. వసూలు చేసినాయన మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ ఆ ప్రస్తావన తేలేదు.

ఇక విషయంలోకి వస్తాను. నాణెం ఎలా పుడుతుందో తెలిస్తే ఇదంతా తేలిగ్గా అర్థమవుతుంది. లోహపు రేకులోంచి గుండ్రటి బిళ్ళలు కోస్తారు. కొలిమిలో కాల్చి మెత్తబరుస్తారు. ఇంకో యంత్రంలో దొర్లించి అంచును కాస్త పైకి లేపుతారు. అప్పటికి దాని మీద ఏ బొమ్మా ఉండదు. ఆ తర్వాత దాన్ని రెండు అచ్చుల మధ్య పెట్టి నొక్కుతారు. వాళ్ల భాషలో అవి డైలు. సాధారణంగా ఒకటి కదలకుండా ఉంటుంది, రెండోది వచ్చి కొడుతుంది. దెబ్బకు లోహం పక్కలకు పారిపోకుండా చుట్టూ ఉక్కు కంకణం ఒకటి ఉంటుంది, దాన్ని కాలరు అంటారు. నాణెం అంచున మన గోటికి తగిలే నిలువు గీతలు ఆ కాలరు లోపలి గీతల ముద్రే.

కదలని అచ్చు మెడ దాకా కాలరులోనే ఇమిడి ఉంటుంది, పక్కకు పోవడానికి దానికి చోటు తక్కువ. కొట్టే అచ్చుకు ఆ కట్టుబాటు లేదు. బిగింపు వదులైనా, బిగించేటప్పుడే కుదరకపోయినా, అది పక్కకు జరిగి పడుతుంది. బిళ్ళ మాత్రం కాలరులో క్షేమంగా ఉంటుంది. అందుకే అలాంటి నాణెం గుండ్రంగానే ఉంటుంది, బరువు తగ్గదు, అంచు గీతలు చెడవు, ఒక వైపు బొమ్మ చక్కగానే ఉంటుంది. రెండో వైపు మాత్రం బొమ్మా అక్షరాలూ గట్టూ అన్నీ మూకుమ్మడిగా ఒకే దిక్కుకు జరుగుతాయి.

బిళ్ళే కాలరులో సరిగ్గా కూర్చోకుండా దెబ్బ పడితే కథ వేరు. అప్పుడు బొమ్మా బొరుసూ రెండూ జరుగుతాయి. ఒక పక్క ఏ ముద్రా లేని నున్నటి చోటు మిగులుతుంది. చాలాసార్లు నాణెం కోలగా సాగుతుంది, అంచు గీతలు ఉండవు. కాబట్టి వంకర నాణెం చేతికొస్తే తిరగేయాలి. ఒక వైపే జరిగితే అచ్చు తప్పు. రెండు వైపులా జరిగితే బిళ్ళ తప్పు.

మాస్టారు ఆరోజే ఇంకో మాట చెప్పారు. "దీనికి అన్నదమ్ములు ఉంటారురా, వెతుకు" అని. జరిగిన అచ్చును ఎవరో గమనించి సరిచేసేదాకా అది కొట్టే ప్రతి నాణెం దాదాపు అదే దిక్కుకు, అంతే మేర జరిగి వస్తుంది. బిళ్ళ జరిగిన నాణేలు అలా కాదు, ఏ ఒక్కటీ ఇంకోదానిలా ఉండదు. రోజూ సాయంత్రం గల్లా డబ్బా బోర్లించి వెతికేవాణ్ని. మూడు నెలలకు, దీపావళి ముందు, ఒకటి దొరికింది. అదే సంవత్సరం, అదే ఎడమ వైపు, అంతే జరుగుడు. ఆ సోదరుణ్ని దాచి ఉంచాల్సింది. సినిమా నేల టికెట్టుకు ఖర్చుపెట్టాను.

పళ్లెం ఇప్పుడు మధ్య వరుసలకు వచ్చినట్టుంది. అందులో చిన్న స్టీలు రూపాయిలు మూడున్నాయి, 25 మిల్లీమీటర్లవి, 1992 నుంచి 2004 దాకా వచ్చిన రకం. వాటిలో ఒకదానికే అచ్చు జరిగింది. మిగతా రెండూ మిమ్మల్ని బోల్తా కొట్టించడానికి పెట్టాను. ఒకటి వాడకంలో ఒక పక్క అరిగిపోయింది. అరిగితే గట్టు తగ్గుతుంది కానీ బొమ్మ చోటు మారదు. అక్షరానికీ అంచుకూ మధ్య దూరం కొలిస్తే తెలిసిపోతుంది. రెండో దానిలో బొమ్మ జరగలేదు, తిరిగింది. మన నాణేన్ని పైనా కిందా రెండు వేళ్లతో పట్టుకుని గిర్రున తిప్పితే రెండో వైపు కూడా నిటారుగానే కనిపించాలి. అది పక్కకు వాలి కనిపిస్తే అచ్చు తన చోటే ఉండి మెలిపడిందన్నమాట. దాన్ని అచ్చు తిరిగిన నాణెం అంటారు, అది వేరే జాతి.

ఇంకో రకం ఉంది. అచ్చు పక్కకు జరగకుండా కాస్త వాలుతుంది. అప్పుడు ఒక పక్క ముద్ర లోతుగా, ఎదురు పక్క వెలిసిపోయినట్టు పడుతుంది. అది పాత నాణేల్లో అరుగుదలతో కలిసిపోయి నన్ను ఇప్పటికీ తికమక పెడుతుంది. పది రూపాయల నాణెంలో నడిమి బిళ్ళా చుట్టూ కంకణమూ సరిగ్గా అతకకపోతే అది కూడా అచ్చు తప్పు కాదు, కూర్పు తప్పు. పదకొండు పలకల పాత రెండు రూపాయల బిళ్ళను కంటితో చూసి తీర్పు చెప్పొద్దు. పలకలు కంటిని మోసం చేస్తాయి, స్కేలు పెట్టి ఎదురెదురు దూరాలు కొలవాలి. దేనికైనా, అదే సంవత్సరం అదే టంకశాల నాణెం ఇంకొకటి పక్కన పెట్టుకోవాలి. సంవత్సరం కింద చుక్క ఉంటే నోయిడా, వజ్రం గుర్తు ఉంటే ముంబై, నక్షత్రం ఉంటే మన హైదరాబాదు, ఏమీ లేకపోతే కోల్‌కతా.

హైదరాబాదు అన్నాను కాబట్టి ఒక మాట. నిజాముల కాలంలో 1803లో మొదలైన టంకశాల 1903లో సైఫాబాదుకు, 1997లో చర్లపల్లికి మారింది. సైఫాబాదు పాత భవనంలో 2022 నుంచి మ్యూజియం నడుస్తోంది. పిల్లల్ని హైదరాబాదు తీసుకెళ్తే సినిమా సెట్లతోపాటు అది కూడా చూపించండి. పాత యంత్రాల ముందు నిలబడి నేను గంటసేపు కదల్లేదు, మా ఆవిడ బయట ఆటో మాట్లాడుకుని కూర్చుంది.

ఇప్పుడు చెప్పబోయేది కార్యదర్శిగారికి ముందుగా చెప్పలేదు. 1996లో, ఉద్యోగంలో కొత్తగా ఉన్న రోజుల్లో, పాలు పోసే ఒకావిడ నా కౌంటరుకు వచ్చింది. రొంటిన కట్టుకున్న గుడ్డ మూటలోంచి చిల్లర తీసి పాసుబుక్కుతో పాటు ఇచ్చింది. అందులో ఒక ఐదు రూపాయల బిళ్ళ, అప్పటి మందపాటిది, 9 గ్రాములది. సింహాలు కిందికి జారి ఉన్నాయి. వెనక క్యూ పెరుగుతోంది. "ఇది దొంగది, చెల్లదు" అని వెనక్కి తోశాను. తిరగేయలేదు. బొరుసు చూడలేదు. ఆవిడ, "నేను చేసింది కాదయ్యా, ఎవరో ఇచ్చింది" అంది. ఆ గొంతులో ఉన్నది మా నాన్న దించుకున్న తలే. అది నాకు సాయంత్రం క్యాష్ సరిచూసుకుంటుంటే తట్టింది. మర్నాడు ఆవిడ వస్తే అడుగుదామనుకున్నాను. ఆవిడ మళ్లీ వచ్చింది కానీ నోట్లే తెచ్చింది, అదీ పక్క కౌంటరుకు. ఆ బిళ్ళ ఏం చేసిందని అడగడానికి నాకు నోరు రాలేదు. నన్ను 'దొంగ రూపాయి' అన్నాయన్ని అప్పటిదాకా క్షమించలేదు. ఆ తర్వాత ఆయన మీద కోపం తెచ్చుకోవడం కొంచెం కష్టమైంది.

అప్పటి నుంచి నా డ్రాయరులో ఒక భూతద్దం, ఒక చిన్న స్కేలు ఉంటాయి. పది రూపాయల నాణేలు దొంగవని మన ఊళ్లలో పుకారు లేచినప్పుడు ఎంతమంది దుకాణదారులు వాటిని తీసుకోలేదో మీకు తెలుసు. 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటన చేయాల్సి వచ్చింది. కంటికి కొత్తగా కనిపించినదల్లా దొంగది కాదు. మా మాస్టారు ఆరోజు నవ్వుతూ, "దొంగ నాణెం చేసేవాడు రెండు వైపులా కుదురుగా చేస్తాడురా, వాడికి భయం ఉంటుంది" అన్నారు. ఆ ఒక్క మాటతో మాత్రం నేను ఏకీభవించను, ఆయన మన్నించాలి. నేను చూసిన దొంగ నాణేలు చాలావరకు నాసిరకంవే. అక్షరాల పదును మొద్దుబారి ఉంటుంది, బరువు తేడా వస్తుంది, అంచు గీతలు గజిబిజిగా ఉంటాయి. అయితే ఆ లోపాలు రెండు వైపులా ఉంటాయి. ఒక వైపు చక్కగా, పదునుగా ఉండి రెండో వైపు అంతే పదునుగా పక్కకు జరిగితే, అది టంకశాల పనే.

ఇప్పుడు గాలి తిరగబడింది. అప్పుడు వంకర రూపాయిని దొంగది అన్నారు, ఇప్పుడు అదే లక్షలు తెస్తుందంటున్నారు. మన బ్యాచ్ మిత్రుడొకడు ఇలాంటి వీడియో చూసి, తన దగ్గరున్న రూపాయి ఫోటో అందులో ఇచ్చిన నంబరుకు పంపాడు. మూడు లక్షలకు కొంటామన్నారు. ముందు రిజిస్ట్రేషన్ అన్నారు, తర్వాత పన్ను, తర్వాత కొరియరు బీమా. మూడు విడతల్లో 14,500 పోయాయి. అమ్మాయి కాలేజీ ఫీజుకు పక్కన పెట్టిన డబ్బు. పోయాక నాకు ఫోటో పంపాడు. ఈ సంగతి సభలో చెప్పమన్నది అతనే. "నాకు సిగ్గు అయిపోయింది, ఇంకొకడికి కాకూడదు" అన్నాడు.

ఆ ఫోటో ఏటవాలుగా తీసింది. ఫోను కాస్త వంచి తీస్తే మంచి నాణేనికి కూడా ఒక పక్క గట్టు మందంగా కనిపిస్తుంది. తిన్నగా, పైనుంచి, రెండు వైపులా తీసి పంపమన్నాను. జరుగుడు అర మిల్లీమీటరు కూడా లేదు. ఆ మాత్రం తేడా నాణేల సంచి బోర్లిస్తే ఎన్నో దొరుకుతాయి. సేకరించేవాళ్లు పట్టించుకునేది అక్షరాలో సంవత్సరమో అంచు దాటి తెగిపోయేంతగా జరిగినవాటిని. అవి కూడా లక్షలు తెచ్చే సరుకు కాదు, సరదాపడేవాడు దొరికితే కాస్త ఎక్కువిస్తాడు. నిజంగా కొనేవాడు నాణెం చేతిలో పెట్టుకుని చూసి డబ్బిస్తాడు, అమ్మేవాడి దగ్గర డబ్బు అడగడు. పాత నాణేల కొనుగోళ్లతో తమకు సంబంధం లేదని, వాటికి రుసుములు వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. మీ ఇళ్లలో పెద్దవాళ్ల ఫోన్లకు ఇలాంటి వీడియోలు రోజూ వస్తున్నాయి. వాళ్లకు ఈ రెండు తేదీలూ గుర్తుండక్కర్లేదు, తిరగేసి చూడటం, ముందు డబ్బు పంపకపోవడం గుర్తుంటే చాలు.

మా నాన్న పోయి పన్నెండేళ్లయింది. పటం వెనక రూపాయి నా దగ్గరే ఉంది, మాస్టారు గీసిన కాగితం కూడా. కాగితం మడతల దగ్గర చిరిగింది, పెన్సిల్ గీతలు ఇంకా ఉన్నాయి. ఈ రెండూ మన బడి లెక్కల గదికి ఇస్తున్నాను, హెడ్మాస్టరుగారు ఒప్పుకున్నారు. చిన్న అద్దాల పెట్టె చేయించాను, తాళం మాత్రం వేయొద్దని మనవి. తొమ్మిదో తరగతి పిల్లలు బయటికి తీసి కొలవాలి. కాగితం వెనక వైపు ఖాళీగా ఉంది. వాళ్లకు ఒక మిల్లీమీటరు వస్తుందో రాదో చూడాలని నాకు ఉంది, ఎందుకంటే ఆరోజు పెన్సిల్ మందం లెక్కలోకి తీసుకున్నానో లేదో నాకే అనుమానం.

మాస్టారూ, మీకు ఆటల ఫీజు ఒక రూపాయి బాకీ. జేబులో తెచ్చాను, నక్షత్రం గుర్తున్నది. కిందికి దిగి ఇస్తాను.

పళ్లెం ఎక్కడిదాకా వచ్చింది? పది ఉన్నాయా, పదకొండా?